కొత్త పిస్టన్ వేసినా మళ్లీ బలం పోయిన పాత చైన్ సా: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఏలూరు జిల్లా మెట్టలో పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు) నడిపే ఒక రైతు మిషన్ ఇది. పేరు, ఊరు, మిషన్ బ్రాండు వదిలేశాను. బ్యారన్‌లో ఆకు ఎక్కించి నిప్పు పెట్టాక ఐదారు రోజులు రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. ఆకు కోతకొచ్చాక కట్టెలు కోసే కూలీల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు. అందుకని చాలామంది రైతులు సొంతంగా ఒక చైన్ సా పెట్టుకుంటున్నారు. కోసేది ఎక్కువగా జామాయిల్, సుబాబుల్, ముసలి జీడిమామిడి. చెరువు గట్ల మీది సర్కారు తుమ్మ కూడా.

ఆయన కొన్నది మన బజార్లలో 58 సీసీ పేరుతో అమ్మే రకం. 20 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ), 0.325 అంగుళాల పిచ్ చైన్ (పిచ్ అంటే లింకుల ఎడం కొలత), 76 డ్రైవ్ లింకులు (బార్ గాడిలో నడిచేవి). వాడిన మిషన్, ధర 4,500. అమ్మినతను ఇంటి ముందు పెట్టి రెండు లాగుల్లో స్టార్ట్ చేసి చూపించాడు, కూత గట్టిగా ఉంది, బేరం తెగింది. ఆ రెండు లాగుల గురించి తర్వాత చెబుతాను.

వచ్చిన సమస్య

మా దగ్గరకు వచ్చేసరికి మిషన్‌కు ఇంకో రిపేరు షాపులో మూడు పనులు జరిగి ఉన్నాయి. రైతు చెప్పిన వరస ఇలా ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. పది పదిహేను నిమిషాలు కోశాక రేస్ వదిలినా స్పీడు దిగదు, చైన్ తిరుగుతూనే ఉంటుంది. లావు దుంగలో దింపితే గొంతు మారి ఆగిపోతుంది. ఆగిందంటే అరగంట చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదు.

ముందు ప్లగ్ మార్చారు, తేడా లేదు. తర్వాత కార్బొరేటర్ మార్చారు. రెండు రోజులు బాగున్నట్టే ఉండి పాత కథ మొదలైంది. చివరికి తాడు లాగితే కదలకుండా సీజ్ అయింది. అప్పుడు పిస్టన్, రింగులు వేసి, సిలిండర్‌లో గీతలను ఎమెరీ కాగితంతో రుద్ది బిగించారు. వారం తిరక్కుండా మళ్లీ బలం పోయింది. ఇంతటికీ 2,600 ఖర్చయింది.

ఈ వరసలో చూడాల్సింది ఒకటుంది. ప్రతిసారీ పాడైన భాగాన్ని మార్చారు, అది ఎందుకు పాడైందో మాత్రం చూడలేదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో (పెట్రోలులోనే నూనె కలిపి నడిపే రకం) పిస్టన్ దానంతట అది కాలదు. నూనె అందకో, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువయ్యో, చల్లబరిచే గాలి దారి మూసుకుపోయో, దుమ్ము లోపలికి పోయో కాలుతుంది. ఏది కారణమో తేలకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారిన పోతుంది.

మొదటి నిర్ణయం: స్టార్ట్ చేయకపోవడం

రైతు బెంచి మీద పెట్టగానే తాడు లాగి వినిపించబోయాడు, వద్దన్నాం. గీతలు పడ్డ పిస్టన్‌తో ఇంజన్ నడిచేకొద్దీ అల్యూమినియం రజను కిందికి జారి క్రాంక్ బేరింగుల్లో చేరుతుంది. కూత విని తెలుసుకునేదేమీ లేదు, పాడయ్యేది మాత్రం ఉంది.

ముందు ప్లగ్ విప్పాం. పొడిగా, తెల్లగా ఉంది. ఇది గాలి ఎక్కువైందనడానికి గుర్తే, కానీ ప్లగ్ రంగు మీద తీర్పు చెప్పను. చివరి రెండు నిమిషాలు మిషన్ ఎలా నడిచిందో దాన్నిబట్టే రంగు మారిపోతుంది. తర్వాత కంప్రెషన్ గేజి (సిలిండర్‌లో ఒత్తిడిని పీఎస్‌ఐల్లో కొలిచేది) పెట్టి, చోక్ తీసేసి, రేస్ పూర్తిగా నొక్కి పట్టి, ముల్లు పెరగడం ఆగేదాకా తాడు లాగాం. 95 పీఎస్‌ఐ చూపించింది. ఈ రకం మిషన్‌లో 130 నుంచి 160 మధ్య ఉంటే ఆరోగ్యం. 110 కిందికి వస్తే వేడి మీద స్టార్ట్ కావడం కష్టమవుతుంది. అరగంట చల్లారాలన్న ఫిర్యాదు ఇక్కడికి సరిపోయింది.

సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూశాం. ఈ కేసులో అసలు దారి చూపించింది ఈ చూపే. నిలువు గీతలు ఎగ్జాస్ట్ వైపు గట్టిగా ఉన్నాయి. కార్బొరేటర్ విప్పి అటునుంచి చూస్తే ఇన్‌టేక్ (పెట్రోలు, గాలి లోపలికి వచ్చే) వైపు దాదాపు నున్నగానే ఉంది. నూనె కలపని పెట్రోలు పోస్తే గీతలు చుట్టూ పడతాయి. ఫిల్టర్ చిరిగి దుమ్ము పోతే ఇన్‌టేక్ వైపు మసకగా, ఇసుక కాగితం రుద్దినట్టు అరుగుతుంది. ఎగ్జాస్ట్ వైపే కాలితే అది వేడి. అక్కడ మసి పెళ్ల ఊడి ఇరుక్కున్నా గీతలు పడతాయి గానీ, ఈ మిషన్‌లో మసి పలచగానే ఉంది. సిలిండర్ రెక్కల మధ్య పొట్టు కొద్దిగా ఉంది, దారి మూసేంత లేదు.

అయినా నూనె సంగతి ఊరికే వదిలేయలేదు. ఆయన వాడే పెట్రోలు డబ్బానే తెప్పించాం. తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేస్తే, ఆరాక నూనె మరక మిగిలింది. గాజు సీసాలో పోసి నిలబెడితే అడుగున నీటి పొర కనిపించలేదు. లీటరుకు 40 మిల్లీలీటర్లు, కొలత గ్లాసుతోనే పోస్తున్నాడు. అంటే 25:1, ఈ రకం మిషన్‌కు అది సరైన పాలు. నూనె తక్కువైందన్న అనుమానం అక్కడితో పోయింది.

ఇక మిగిలింది ఎక్కడినుంచో దొంగగాలి. రేస్ వదిలినా స్పీడు దిగకపోవడం దానికి పాత గుర్తు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మొదలవడం కూడా. వేడికి రబ్బరు మెత్తబడితే పగులు తెరుచుకుంటుంది.

గాలి పరీక్ష

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బీపీ చూసే మిషన్‌లోని రబ్బరు బుగ్గ, ముల్లు గడియారం చాలు. దాంట్లో 300 గీత అంటే సుమారు 0.4 బార్ (ఈ బార్ ఒత్తిడి కొలత). అంతకు మించి కొట్టనక్కర్లేదు. 0.5 దాటితే మంచి సీళ్లను కూడా మనమే పాడు చేసినట్టవుతుంది.

సైలెన్సర్ కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించి ఎగ్జాస్ట్ మూశాం. కార్బొరేటర్ తీసి ఆ మూతి మీద ఇంకో రబ్బరు ముక్క, దాని మీద రేకు పెట్టి అవే బోల్టులతో బిగించాం. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించితే సిలిండర్, క్రాంక్‌కేస్ (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది) రెండూ లోపల కలిసే ఉంటాయి. అప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కిస్తే మొత్తానికీ అందుతుంది. నిమిషం పాటు ముల్లు కదలకూడదు. ఇక్కడ చూస్తుండగానే జారిపోయింది.

సబ్బు నీళ్లు బ్రష్‌తో పూస్తే కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు మేనిఫోల్డ్ దగ్గర బుడగలు లేచాయి. విప్పితే అడుగు వైపు పగులు, దాని మీద ఎర్ర సిలికాన్ పేస్టు. పగులు ఎవరో ఇదివరకే చూశారన్నమాట. కొత్తది వేయకుండా పేస్టు పూశారు. పెట్రోలు తగిలే చోట మామూలు సిలికాన్ నిలబడదు, ఉబ్బి ఊడిపోతుంది. కార్బొరేటర్ మార్చాక రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది కూడా ఇందుకే: విప్పి బిగించినప్పుడు ఆ పేస్టు కాసేపు సర్దుకుంది.

కొత్త మేనిఫోల్డ్, గ్యాస్కెట్ వేసి మళ్లీ గాలి కొడితే ముల్లు నిలబడింది. చాలా షాపుల్లో పని ఇక్కడ ఆపేస్తారు. కానీ క్రాంక్ సీలు (షాఫ్ట్ చుట్టూ గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) పెదవి లోపలి వైపు తిరిగి ఉంటుంది. లోపల గాలి ఒత్తిడి ఉంటే ఆ పెదవిని షాఫ్ట్ మీదికి నొక్కి పడుతుంది కాబట్టి పాత సీలు కూడా నిలబడినట్టే కనిపిస్తుంది. ఇంజన్ నడిచేటప్పుడు పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ లోపల పీల్పు పుడుతుంది. అప్పుడు పెదవి లేస్తుంది. అందుకే ఒత్తిడితో పాటు వాక్యూమ్ పరీక్ష కూడా చేయాలి. కారు బ్రేకుల్లో గాలి తీసే చేతి వాక్యూమ్ పంపుతో 0.5 బార్ దాకా లాగి, క్రాంక్‌ను మెల్లగా తిప్పుతూ చూశాం. మాగ్నెట్ (ప్లగ్‌కు కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు పీల్చేస్తోంది. వేడికి గట్టిపడి పెదవి చిట్లిపోయింది.

సీలు మార్చే ముందు షాఫ్ట్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. బేరింగు ఆడుతుంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా దండగ. ఇక్కడ ఆట లేదు. ఒకవైపుదే పోయినా రెండు సీళ్లూ మార్చాలనుకున్నాం, రెండోదాని వయసూ అంతే కాబట్టి.

రిపేరు చేయాలా, వదిలేయాలా?

విప్పి బిగించే ముందు లెక్క రాసి రైతుకు చూపించాం. సిలిండర్, పిస్టన్ సెట్టు 1,400. సీళ్లు, మేనిఫోల్డ్, గ్యాస్కెట్లు 500. పెట్రోలు పైపు, ట్యాంకు లోపలి ఫిల్టర్ 150. చైన్ 650. మజూరి 1,000. మొత్తం 3,700. ఇదివరకు పెట్టిన 7,100తో కలిపితే 10,800, ఆ డబ్బుతో ఈ రకం కొత్త మిషనే వచ్చేది. కానీ పోయిన డబ్బు ఎటూ తిరిగి రాదు. ఇప్పుడు తేల్చుకోవాల్సింది 3,700కి ఈ మిషన్‌నా, 9 వేలు పైచిలుకుకి కొత్తదా అన్నదే. క్లచ్, బ్రేకు బ్యాండు, నూనె పంపు, బార్ బాగున్నాయి. బేరింగు బాగుంది. రిపేరు చేయించుకోమన్నాం. బేరింగు కూడా పోయి ఉంటే వద్దనే చెప్పేవాళ్లం.

ఫలించనిది

సిలిండర్ ఖర్చు మిగుల్చుదామని ఒక ప్రయత్నం జరిగింది. ఈ సిలిండర్ల లోపలి గోడకు గట్టి పూత ఉంటుంది. చాలాసార్లు ఆ పూత చెక్కుచెదరకుండా, దాని మీద పిస్టన్ అల్యూమినియం మాత్రం అంటుకుని ఉంటుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో దూది ముంచి ఆ మరకల మీద మాత్రమే అద్దితే అల్యూమినియం బుడగలు వస్తూ కరుగుతుంది, గోడ మిగులుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఆరుబయట చేయాల్సిన పని ఇది.

ఇక్కడ చుట్టుపక్కల బుడగలు ఆగిపోయినా ఎగ్జాస్ట్ రంధ్రం అంచున ఒకచోట ఆగలేదు. అంటుకున్న లోహం అయిపోయాక కూడా బుడగలు వస్తున్నాయంటే పూత పోయి, యాసిడ్ సిలిండర్‌నే తింటోందని. వెంటనే నీళ్లతో కడిగేసి పక్కన పెట్టాం. ఆ చోట గోరుతో గీస్తే తగులుతోంది కూడా. ఎమెరీ కాగితంతో రుద్దినందుకు పూత పోయిందో, సీజ్ అయినప్పుడే పోయిందో చెప్పలేం గానీ, పూత ఉన్న సిలిండర్‌ను ఎమెరీతో రుద్దడం ఎప్పుడూ మంచిది కాదు.

బిగించిన పద్ధతి

క్లచ్‌కు ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. తెలియక అటూ ఇటూ గుంజి షాఫ్ట్ విరిచిన మిషన్లు వస్తుంటాయి. పిస్టన్ కదలకుండా ఆపడానికి ప్లగ్ రంధ్రంలోంచి నూలు తాడు దూర్చాలి. ముందు పిస్టన్‌ను ఎగ్జాస్ట్ రంధ్రం దాటి పైకి ఎక్కించాలి, లేకపోతే తాడు ఆ రంధ్రంలో ఇరుక్కుని రింగు విరుగుతుంది.

సిలిండర్ తీశాక క్రాంక్‌కేస్‌లో నూనె కలిపిన పెట్రోలు పోసి, తిప్పి, తెల్ల గుడ్డ మీద వంచాం. మెరిసే రజను రావడం ఆగేదాకా అదే పని. పిస్టన్ మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపుండాలి. రింగు కొసలు గాడిలోని చిన్న మేకు దగ్గర కలవాలి. గజ్జన్ పిన్ (పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్) క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే వాడాలి. పాత క్లిప్పు జారిందంటే కొత్త సిలిండర్ కూడా పోయినట్టే. మాగ్నెట్‌కూ కాయిల్‌కూ మధ్య 0.3 మిల్లీమీటర్లు, ఒక విజిటింగ్ కార్డు మందం. ప్లగ్ గ్యాప్ 0.5 నుంచి 0.6. మొత్తం బిగించాక మళ్లీ ఒత్తిడి, వాక్యూమ్ రెండు పరీక్షలూ చేసి అప్పుడే పెట్రోలు పోశాం.

కార్బొరేటర్ సెట్టింగ్

కార్బొరేటర్‌ను ఫిల్టర్ కడిగి, చైన్ పదును పెట్టి, బార్ సరిగ్గా బిగించాకే ముట్టుకోవాలి. రెండు స్క్రూలూ మెల్లగా లోపలికి తిప్పి, ఒకటింపావు చుట్టు వెనక్కి వదిలి మొదలుపెట్టాం. ఇంజన్ వేడెక్కాక ఎల్ స్క్రూతో (తక్కువ స్పీడులో పెట్రోలు సర్దేది) స్లో స్పీడు అత్యధికంగా ఉండే చోటు పట్టుకుని, అక్కడినుంచి కొద్దిగా బయటికి. తర్వాత స్లో స్క్రూతో చైన్ పూర్తిగా ఆగేదాకా దించాలి. స్లోలో చైన్ తిరిగే మిషన్‌ను ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

అసలు గొడవ హెచ్ స్క్రూ (పూర్తి రేస్‌లో పెట్రోలు సర్దేది) దగ్గర వస్తుంది. దీన్ని లోపలికి తిప్పేకొద్దీ కూత సన్నగా, పదునుగా పెరుగుతుంది, వినేవాళ్లకు మిషన్ హుషారుగా ఉన్నట్టుంటుంది. ఆ కూత కోసమే చాలామంది తిప్పేస్తారు. నిజానికి బరువు లేకుండా పూర్తి రేస్ ఇచ్చినప్పుడు కూత కాస్త తడబడుతూ, బొంగురుగా ఉండాలి. దుంగలో దింపగానే ఆ తడబాటు పోయి నునుపుగా రావాలి. బయటే నునుపుగా ఉందంటే లోపల పెట్రోలు చాలడం లేదు.

బంకుల్లో ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఇది ఇంకా ముఖ్యం. ఇథనాల్ బరువులో మూడో వంతు ఆక్సిజనే కాబట్టి, పాత పెట్రోలుకు సరిపోయిన సెట్టింగ్ ఇప్పుడు గాలి ఎక్కువైనట్టే లెక్క. చేతి మిషన్ల పుస్తకాల్లో చాలావాటిలో 10 శాతం ఇథనాల్ మించొద్దనే ఉంటుంది. బంకులో వేరేది దొరకనప్పుడు హెచ్ స్క్రూను ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు ఎక్కువ తెరిచి ఉంచడం మేలు. ఆ మిషన్‌లో పెట్రోలు పైపు కూడా మెత్తబడి జిగురుగా ఉంది, అందుకే మార్చాం. కలిపిన పెట్రోలు రెండు మూడు వారాలకు మించి దాచొద్దు, డబ్బా మూత బిగుతుగా ఉండాలి. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది.

చైన్

ఇంజన్‌కు ఈ గతి పట్టడంలో చైన్ వాటా కూడా ఉంది. కోత వంకరగా పోతోందని, దుంగ మీద బలంగా నొక్కాల్సి వస్తోందని రైతు మాటల మధ్యలో అన్నాడు, దాన్ని వేరే సమస్యగా అనుకుని. చైన్ విప్పి చూస్తే పళ్లను గ్రైండర్‌తో పట్టారు. కొసలు నీలంగా మారాయి, అంటే వేడికి ఉక్కు చచ్చింది. ఎడమ వైపు పళ్లు కురచ, అందుకే కోత వంకర. పన్ను ఎంత లోతు కొరకాలో ఆపే, దాని ముందున్న మెట్టును పన్ను కొసకంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందికి దిగేదాకా తినేశారు, దాంతో పన్ను కొరికి పట్టేసేది. మొద్దు చైన్‌ను నొక్కి కోస్తే ఇంజన్ తక్కువ వేగంలో పూర్తి బరువు మోస్తుంది, వేడి పెరుగుతుంది. అప్పటికే గాలి ఎక్కువైన ఇంజన్‌కు అది చాలు.

0.325 చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. 30 డిగ్రీల కోణం, ముందుకు మాత్రమే తోయాలి, ప్రతి పన్నుకూ అన్నే తోపులు. ట్యాంకు పోసిన ప్రతిసారీ రెండు మూడు తోపులు వేస్తే గ్రైండర్ అవసరమే రాదు. నాలుగైదు పదునులకు ఒకసారి మెట్టును చదును ఆకురాయితో పన్ను కొసకంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి తేవాలి. ఎండిన తుమ్మకు 0.5 చాలు. పొట్టు రేకులుగా రాలాలి. పొడిలా రాలుతోందంటే అక్కడే ఆపి పదును పెట్టాలి. పొలంలో ఈడ్చుకొచ్చిన దుంగల బెరడులో ఇసుక ఉంటుంది, కోసే చోట గొడ్డలితో బెరడు లేపేస్తే పదును రెండింతలు నిలుస్తుంది.

బార్ నూనెకు ఆయన ట్రాక్టర్‌లోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వాడుతున్నాడు, ఊళ్లో అందరూ వాడేదే. అందులో లోహపు రజను ఉంటుంది, నూనె రంధ్రం పూడుతుంది, చర్మానికీ చెడ్డది. కొత్త ఎస్‌ఏఈ 30 నూనెకు మార్పించాం. తెల్ల కాగితానికి జానెడు దూరంలో బార్ కొస పెట్టి రేస్ ఇస్తే సన్నటి నూనె గీత పడాలి.

కొనేటప్పుడే తెలిసేవి

ఆ రెండు లాగుల సంగతికి వస్తే, కొనేవాడు వచ్చేసరికే ఇంజన్ వేడిగా ఉండి ఉంటుంది. ముందు సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా టీ తాగుతూ కూర్చోవడమే. చల్లగా స్టార్ట్ చేయించి, పది నిమిషాలు లావు దుంగ కోయించి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయించాలి. రేస్ వదలగానే స్పీడు దిగుతోందా, చైన్ ఆగుతోందా చూడాలి. బ్రేకు పట్టీ ముందుకు తోస్తే చైన్ తటాలున ఆగాలి.

మిషన్‌ను స్టార్టర్ తాడు పట్టుకుని వేలాడదీస్తే మెట్టుమెట్టుగా ఆగుతూ దిగాలి. సర్రున జారిందంటే కంప్రెషన్ లేదు. సైలెన్సర్ విప్పనివ్వని వాడి దగ్గర కొనొద్దు, ఆ నాలుగు నిమిషాల పనిలో పిస్టన్ కనబడుతుంది. కార్బొరేటర్ స్క్రూల తలలు చెదిరి ఉన్నా, చుట్టూ ఎర్ర పేస్టు కనిపించినా ధర గురించి మాట్లాడటం కూడా అనవసరం. ఈ మిషన్‌కు ఆ రెండూ ఉన్నాయి.

తర్వాత

మొదటి మూడు ట్యాంకులు సన్న కొమ్మలకే వాడమని, పూర్తి రేస్ మీద ఎక్కువసేపు ఉంచొద్దని చెప్పి ఇచ్చాం. లుంగీ, రబ్బరు చెప్పులతో కోయడం మానమని, బార్ కొస పై భాగంతో దుంగను తాకొద్దని కూడా చెప్పాం. అక్కడ తగిలితే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. బూట్లు, ప్యాంటు దాకా ఒప్పుకున్నాడు, హెల్మెట్‌కు ఒప్పుకోలేదు.

బ్యారన్లు ఆరిపోయాక మిషన్ తీసుకొచ్చాడు. కంప్రెషన్ 145. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు తయారీ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. చైన్ పళ్లు సగానికి వచ్చాయి, రెండు వైపులా సమానంగా. ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా స్లోలో నడిపి ఆపాం. ప్లగ్ విప్పి సిలిండర్‌లో చెంచాడు టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ పెట్టేసి, చైన్ వదులు చేసి ఇచ్చాం.